రెండో గడప దగ్గర ఆగిపోయే లాగిన్

కథలూ కవితల మధ్య ఈ పాఠం ఏటి అనుకోకండి. వర్చువల్ ల్యాబ్ అనో, ప్రైవేట్ క్లౌడ్ అనో మేజర్ ప్రాజెక్టుకి పేరు పెట్టుకున్నవాళ్లకి ఎప్పుడో ఒక రాత్రి ఎదురయ్యే చిక్కు ఇది. దీని గురించి ఇంగ్లీషులో బోలెడంత దొరుకుతుంది. కానీ చాలాచోట్ల ఏ సెట్టింగ్ మార్చాలో చెప్పి వదిలేస్తారు, ఎందుకు మార్చాలో చెప్పరు. ఎందుకో తెలీకుండా మార్చిన సెట్టింగ్ ఆ రాత్రికి గట్టెక్కిస్తుంది గానీ, ల్యాబ్ తలుపులన్నీ బార్లా తీసిపెట్టి పోతుంది. అందుకని ముందు కారణం తెలుసుకుని, ఆ తర్వాత తప్పు వెతికే క్రమం చూద్దాం.

ఒక మాట. కమాండ్లు, మెషీన్ పేర్లు కూడా ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. కీబోర్డు మీద మాత్రం ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి.

సమస్య ఎలా కనబడుతుంది?

ఎచ్చెర్లలో హైవే పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఉందనుకుందాం. దాని ల్యాబుల్లో ఒక విండోస్ డొమైన్ ఉంది. డొమైన్ కంట్రోలర్ పేరు డీసీ01. ఐఐఎస్ నడుస్తున్న వెబ్ సర్వర్ పేరు వెబ్01. వర్చువల్ మెషీన్లు ఉండే హైపర్-వి హోస్టులు రెండు: సీఎస్ఈ వాళ్లది హెచ్‌వీ01, ఈసీఈ వాళ్లది హెచ్‌వీ02. ల్యాబ్ చూసుకునే స్టాఫ్, వాళ్లకి సాయం చేసే సీనియర్లు హోస్ట్ గదిలోకి వెళ్లక్కర్లేకుండా, వెబ్01 మీద ఒక పోర్టల్ పెట్టారు. బ్రౌజర్‌లో పోర్టల్ తెరిచి మెషీన్ ఎంచుకుని 'స్టార్ట్' నొక్కితే చాలు. పోర్టల్ వెనకనుంచి డబ్ల్యూఎంఐ ద్వారా హోస్ట్‌తో మాట్లాడి పని చేయిస్తుంది.

ఇప్పుడు లక్షణాలు చూడండి. ల్యాబ్ పీసీ నుంచి పోర్టల్ తెరిస్తే పేజీ చక్కగా వస్తుంది. పైన మీ పేరు కూడా సరిగ్గానే ఉంటుంది. వర్చువల్ మెషీన్ల జాబితా రావలసిన చోట మాత్రం 'యాక్సెస్ డినైడ్' అని ఉంటుంది. అదే మనిషి వెబ్01 ముందు కూర్చుని, అక్కడే లాగిన్ అయి, అక్కడి బ్రౌజర్‌లో అదే పేజీ తెరిస్తే జాబితా మొత్తం వచ్చేస్తుంది!

ఈ తేడాయే మనకి మొదటి ఆధారం. పాస్‌వర్డ్ తప్పయితే రెండు చోట్లా ఆగిపోవాలి. హోస్ట్ మీద అనుమతి లేకపోయినా రెండు చోట్లా ఆగిపోవాలి. వెబ్01 ముందు కూర్చున్నప్పుడు మీకూ హోస్ట్‌కీ మధ్య ఉన్నది ఒక్క గడప. ల్యాబ్ పీసీ నుంచి అయితే రెండు: పీసీ నుంచి వెబ్01కి ఒకటి, వెబ్01 నుంచి హోస్ట్‌కి ఇంకొకటి. ఆగుతున్నది ఆ రెండో గడప దగ్గర. ఇంగ్లీషులో దీన్నే డబుల్ హాప్ అంటారు.

తమ్ముడు, రిజిస్ట్రార్, పవర్

ఉద్దానం నుంచి, మన చుట్టుపక్కల ఊళ్ల నుంచి పనుల కోసం చెన్నైకో హైదరాబాద్‌కో గల్ఫ్‌కో వెళ్లినవాళ్లు ఎంతోమంది. అలా వెళ్లిన ఒకాయన ఊళ్లో ఉన్న అరెకరం అమ్మాలనుకున్నాడు. తను రాలేడు కాబట్టి తమ్ముణ్ని సబ్-రిజిస్ట్రార్ ఆఫీసుకి పంపాడు. తమ్ముడికి అన్న ఎవరో తెలుసు. అన్న ఫోన్‌లో చెప్పిన మాటా నిజమే. అయినా సంతకం దగ్గరకొచ్చేసరికి పని ఆగిపోతుంది. "ఆయన మీ అన్నయ్యే కావచ్చు బాబూ, ఆయన తరఫున సంతకం పెట్టడానికి మీకిచ్చిన పవర్ ఏదీ?" అని అడుగుతారు.

మన కథలో తమ్ముడు వెబ్01. మీరెవరో దానికి రుజువైంది, అందుకే పేజీ మీద మీ పేరు వేసింది. కానీ మీ తరఫున ఇంకోచోటికి వెళ్లి పని చేసే అధికారం దానికి ఎవరూ ఇవ్వలేదు. ఆ అధికారం ఇవ్వడమే డెలిగేషన్. కోర్టు భాషలో చెప్పాలంటే వకాల్తా.

లోపల జరిగేది ఇదీ. డొమైన్‌లో లాగిన్ అవడానికి ఇప్పుడు ప్రధానంగా వాడేది కెర్బెరోస్ పద్ధతి. మీరు పొద్దున్న లాగిన్ అవగానే డీసీ01 మీకు ఒక మూల టికెట్ ఇస్తుంది. దాన్ని టీజీటీ అంటారు, మామూలుగా 10 గంటలు చెల్లుతుంది. వెబ్01 దగ్గరికి వెళ్లాలంటే ఆ మూల టికెట్ చూపించి, వెబ్01 కోసం విడిగా ఒక సర్వీస్ టికెట్ తీసుకుంటారు. అది వెబ్01 తాళంతో మూసి ఉంటుంది, వెబ్01 దాన్ని విప్పగలదు. హెచ్‌వీ01 దగ్గర అది చెల్లదు. రాజాం బస్సు టికెట్టు పట్టుకుని విశాఖ బస్సెక్కితే కండక్టర్ ఊరుకుంటాడా?

పాత పద్ధతి ఎన్‌టీఎల్‌ఎం అయితే ఇంకా కష్టం. అందులో సర్వర్ ఒక సవాలు విసురుతుంది, మీ పీసీ దానికి జవాబు కడుతుంది. ఆ జవాబు సరైనదో కాదో డొమైన్ కంట్రోలర్ చెబుతుంది. మీ పాస్‌వర్డ్ వెబ్01 కి చేరనే చేరదు. కాబట్టి రెండో గడప దగ్గర చూపించడానికి దాని చేతిలో ఏమీ ఉండదు. ఇది లోపం కాదు, రక్షణ. మీరు వెళ్లిన ప్రతి వెబ్‌సైటూ మీ పేరుతో ఇంకోచోటికి వెళ్లగలిగితే ఏమవుతుందో ఆలోచించండి.

సాహిత్యాభిమానులకి ఒక ముక్క. కెర్బెరోస్ పుట్టింది ఎంఐటీలో, 1983లో మొదలైన ప్రాజెక్ట్ అథీనాలో. పేరు గ్రీకు పురాణాల్లో పాతాళ ద్వారం కాసే మూడు తలల కుక్కది. దాన్ని వివరించడానికి బిల్ బ్రయంట్ 1988లో నాలుగు రంగాల సంభాషణ ఒకటి రాశాడు. అందులో అథీనా, యూరిపిడీస్ అనే రెండు పాత్రలు ఒక్కో లోపం పట్టుకుంటూ, ఒక్కో మార్పు చేసుకుంటూ మొత్తం పద్ధతిని మన కళ్లముందే కడతాయి. నెట్‌వర్క్ సెక్యూరిటీని నాటకంగా రాయొచ్చని నమ్మనివాళ్లు ఒకసారి వెతికి చదవండి.

ఆ రాత్రి గట్టెక్కించే అడ్డదారులు

రెండో గడప దగ్గర ఆగినప్పుడు ఎవరో ఒకరు చెప్పే సలహాలు మూడుంటాయి.

మొదటిది, వెబ్01 మెషీన్ ఖాతానే హోస్టుల మీద హైపర్-వి అడ్మినిస్ట్రేటర్స్ గుంపులో చేర్చేసి, పోర్టల్ తన సొంత పేరుతోనే వెళ్లేలా చేయడం. రెండోది, ఒక అడ్మిన్ పాస్‌వర్డ్‌ని పోర్టల్ కాన్ఫిగరేషన్ ఫైల్‌లో రాసిపెట్టడం. రెండూ వెంటనే పని చేస్తాయి. కానీ ఇక నుంచి హోస్ట్‌కి మీరెవరో తెలీదు. సీఎస్ఈ సీనియర్‌కి హెచ్‌వీ01 మీద మాత్రమే అధికారం ఉందనుకోండి. ఇప్పుడు పోర్టల్ ద్వారా హెచ్‌వీ02 మీద కూడా చెయ్యి వేయగలడు, ఎందుకంటే హోస్ట్ చూస్తున్నది వెబ్01 మొహమే. రివ్యూకి ముందురోజు ఈసీఈ వాళ్ల ప్రాజెక్టు మెషీన్ ఎవరో చెరిపేస్తే, లాగ్‌లో వెబ్01 పేరు ఒక్కటే ఉంటుంది. నువ్వంటే నువ్వని గొడవ పడడమే మిగులుతుంది.

న్యాయంగా చెప్పాలంటే, సొంత పేరుతో వెళ్లే పోర్టళ్లు లోకంలో చాలానే ఉన్నాయి. అలా కట్టేటప్పుడు ఎవరికి ఏ మెషీన్ మీద అధికారమో పోర్టలే తనిఖీ చేయాలి, ఎవరు ఏం చేశారో తనే రాసిపెట్టుకోవాలి. ఆ కోడ్ రాయకుండా అధికారం మాత్రం తీసుకోవడమే ప్రమాదం.

మూడో సలహా, వెబ్01 మీద 'ఏ సర్వీస్‌కైనా డెలిగేషన్' అని టిక్ పెట్టేయడం. ఇది జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ లాంటిది. దీని సంగతి విడిగా చూడాలి.

డెలిగేషన్‌లో మూడు రకాలు

హద్దుల్లేనిది: విండోస్ 2000 తో కెర్బెరోస్ విండోస్‌లోకి వచ్చినప్పుడు డెలిగేషన్ అంటే ఇదొక్కటే. మీ పీసీ మీ మూల టికెట్‌నే వెబ్01 కి పంపిస్తుంది. వెబ్01 దాన్ని మెమరీలో పెట్టుకుని, మీ పేరుతో డొమైన్‌లో ఏ సర్వీస్‌కైనా వెళ్తుంది. వెబ్01 ఎవరి చేతికైనా చిక్కిందంటే, అప్పటిదాకా పోర్టల్‌కి వచ్చినవాళ్ల మూల టికెట్లన్నీ వాడి చేతిలో పడ్డట్టే. ఇలాంటి సర్వర్ దగ్గరకి ప్రింట్ స్పూలర్ సాయంతో సాక్షాత్తూ డొమైన్ కంట్రోలర్‌నే రప్పించి, దాని టికెట్ పట్టుకోవచ్చని భద్రతా పరిశోధకులు 2018లో చేసి చూపించారు. అంటే డొమైన్ మొత్తం పోయినట్టే. ల్యాబ్ అయినా సరే, దీని జోలికి పోకండి.

హద్దులున్నది: విండోస్ సర్వర్ 2003లో వచ్చింది. ఇది స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ. ఫలానా సర్వే నంబరు అమ్మడానికి మాత్రమే అని రాసిచ్చినట్టు, వెబ్01 ఖాతా మీద ఫలానా హోస్ట్‌లోని ఫలానా సర్వీస్‌కి మాత్రమే అని జాబితా రాస్తారు. మీ మూల టికెట్ వెబ్01 కి అందదు. మీరిచ్చిన సర్వీస్ టికెట్‌ని అది డొమైన్ కంట్రోలర్‌కి చూపించి, "వీరి పేరుతో హెచ్‌వీ01కి టికెట్ ఇవ్వండి" అని అడుగుతుంది. జాబితాలో ఉంటే వస్తుంది, లేకపోతే లేదు.

వర్చువలైజేషన్‌లో దీని అవసరం మొదటి రోజుల నుంచీ ఉంది. హైపర్-వి 2008లో వచ్చింది. అంతకుముందు మైక్రోసాఫ్ట్‌ది వర్చువల్ సర్వర్ 2005 ఉండేది. దాని నిర్వహణ అంతా ఐఐఎస్ మీద నడిచే వెబ్‌సైట్ నుంచే. ఆ వెబ్‌సైట్‌ని ఒక మెషీన్‌లో, వర్చువల్ సర్వర్‌ని ఇంకో మెషీన్‌లో పెడితే ఇదే చిక్కు వచ్చేది. వెబ్ సర్వర్ ఖాతా డెలిగేషన్ జాబితాలో 'సీఐఎఫ్ఎస్', 'వీఎస్ఎస్ఆర్‌వీసీ' అనే రెండు సర్వీసులు చేర్చడమే దానికి మందు. మొదటిది ఫైళ్ల కోసం, రెండోది వర్చువల్ సర్వర్ కోసం. ఇరవై ఏళ్లు దాటినా రోగం మారలేదు, మందు పేర్లే మారాయి.

వనరు చేతిలో ఉన్నది: విండోస్ సర్వర్ 2012లో వచ్చింది. అప్పట్లో మైక్రోసాఫ్ట్‌లో ఆ సర్వర్ విభాగానికి సారథి హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల. ఇందులో జాబితా తమ్ముడి దగ్గర ఉండదు, రిజిస్ట్రార్ దగ్గర ఉంటుంది. 'వెబ్01 ఎవరి పేరుతో వచ్చినా నేను ఒప్పుకుంటాను' అని హెచ్‌వీ01 ఖాతా మీద రాస్తారు. పవర్‌షెల్‌లో సెట్-ఏడీకంప్యూటర్ కమాండ్‌కి 'ప్రిన్సిపల్స్‌అలౌడ్‌టుడెలిగేట్‌టుఅకౌంట్' అనే పారామీటర్ ఇచ్చి, అందులో వెబ్01 ఖాతాని చెబితే సరిపోతుంది. హద్దులున్న డెలిగేషన్ పెట్టడానికి డొమైన్ అడ్మిన్ స్థాయి హక్కు కావాలి. దీనికి హెచ్‌వీ01 ఖాతాని మార్చే హక్కు ఉంటే చాలు. ఆ సుఖంలోనే ఒక జాగ్రత్త కూడా ఉంది: హోస్ట్ ఖాతాని మార్చే హక్కు ఎవరెవరికి ఉందో లెక్క పెట్టుకోవాలి.

వెతకడం ఎక్కడ మొదలెట్టాలి?

చాలామంది బ్రౌజర్ దగ్గర మొదలెడతారు. నా సలహా, చివరి గడప దగ్గర మొదలెట్టండి. హెచ్‌వీ01 లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సెక్యూరిటీ లాగ్‌లో 4624 నంబరు ఈవెంట్లు చూడండి. అవి విజయవంతమైన లాగాన్లు. పోర్టల్‌లో బటన్ నొక్కిన టైమ్ రాసుకుని, ఆ నిమిషంలో వెబ్01 నుంచి వచ్చిన టైప్ 3 లాగాన్ ఎవరి పేరు మీద ఉందో చదవండి. మూడిట్లో ఒకటి కనబడుతుంది.

మీ పేరే ఉంటే: డెలిగేషన్ పని చేస్తోంది, దాన్ని ముట్టుకోకండి. సమస్య హోస్ట్ మీద మీ అనుమతులది. హైపర్-వి అడ్మినిస్ట్రేటర్స్ గుంపులో మీరున్నారా? దూరం నుంచి డబ్ల్యూఎంఐ వాడాలంటే డిస్ట్రిబ్యూటెడ్ కామ్ యూజర్స్ గుంపులో ఉండాలి, డబ్ల్యూఎంఐలో వర్చువలైజేషన్ నేమ్‌స్పేస్ మీద 'రిమోట్ ఎనేబుల్' ఉండాలి. ఆ రెండూ చూడండి.

చివర డాలర్ గుర్తుతో వెబ్01 పేరు ఉంటే: పోర్టల్ మీ పేరుతో వెళ్లడానికి ప్రయత్నమే చేయలేదు, సొంత పేరుతో వెళ్లింది. ఏఎస్‌పీ డాట్ నెట్‌లో ఇంపర్సనేషన్ ఆన్‌లో లేదన్నమాట. డొమైన్ కంట్రోలర్‌లో ఎంత వెతికినా దీనికి జవాబు దొరకదు.

'అనానిమస్ లాగాన్' అని ఉంటే: ఇదీ అసలు రెండో గడప సమస్య. పోర్టల్ మీ పేరుతో వెళ్లాలనుకుంది, చేతిలో టికెట్ లేక అనామకంగా తలుపు తట్టింది. కింద చెప్పబోయే తనిఖీలన్నీ ఈ మూడో రకం కోసమే.

మొదటి గడప తనిఖీ

హద్దులున్న డెలిగేషన్‌లో 'కెర్బెరోస్ ఓన్లీ' ఎంచుకుంటే, మొదటి గడప కూడా కెర్బెరోస్‌తోనే దాటి ఉండాలి. వెబ్01 సెక్యూరిటీ లాగ్‌లో మీ 4624 ఈవెంట్ తెరిచి 'అథెంటికేషన్ ప్యాకేజ్' దగ్గర ఏముందో చూడండి. ఎన్‌టీఎల్‌ఎం అని ఉంటే కారణం ఈ కిందివాటిలో ఉండే అవకాశం ఎక్కువ.

పోర్టల్‌ని ఐపీ అడ్రస్‌తో తెరుస్తున్నారా? కెర్బెరోస్ పేర్ల మీద నడుస్తుంది, మామూలుగా ఐపీ ఇస్తే ఎన్‌టీఎల్‌ఎంకి దిగిపోతుంది. పేరుతోనే తెరవండి.

ఐఐఎస్‌లో విండోస్ అథెంటికేషన్ ప్రొవైడర్ల జాబితాలో 'నెగోషియేట్' పైన, 'ఎన్‌టీఎల్‌ఎం' కింద ఉందా? తలకిందులుగా ఉంటే బ్రౌజర్‌కి ముందు అందేది ఎన్‌టీఎల్‌ఎం పిలుపే.

పోర్టల్‌కి డీఎన్ఎస్‌లో వేరే ముద్దుపేరు పెట్టారా? ఆ పేరుకి ఎస్‌పీఎన్ ఉందా? ఎస్‌పీఎన్ అంటే సర్వీస్ ప్రిన్సిపల్ నేమ్, ఫలానా పేరు మీద నడిచే ఫలానా సర్వీస్ ఫలానా ఖాతాది అని డైరెక్టరీలో రాసుకునే ఎంట్రీ. 'సెట్‌ఎస్‌పీఎన్ -ఎల్ వెబ్01' అని కొడితే ఆ ఖాతా మీదున్నవన్నీ వస్తాయి. మెషీన్ అసలు పేరుకి 'హోస్ట్' అనే ఎంట్రీ ఎలాగూ ఉంటుంది, వెబ్ సర్వీస్‌కి అదే సరిపోతుంది. ముద్దుపేరుకి మాత్రం మనమే 'సెట్‌ఎస్‌పీఎన్ -ఎస్' తో చేర్చాలి. -ఎస్ వాడితే ఆ ఎంట్రీ ఇప్పటికే ఇంకో ఖాతా మీద ఉందేమో చూసి మరీ చేరుస్తుంది.

ఒకే ఎస్‌పీఎన్ రెండు ఖాతాల మీద ఉంటే టికెట్ ఎవరి తాళంతో మూయాలో డొమైన్ కంట్రోలర్‌కి తెలీదు. 'సెట్‌ఎస్‌పీఎన్ -ఎక్స్' అలాంటి జంటల్ని పట్టిస్తుంది.

మీ పీసీలో 'కేలిస్ట్' కొడితే చేతిలో ఉన్న టికెట్ల జాబితా వస్తుంది. అందులో హెచ్‌టీటీపీతో మొదలై పోర్టల్ పేరుతో ముగిసే టికెట్ కనబడితే మొదటి గడపకి కావలసిన టికెట్ అందినట్టే.

రెండో గడప తనిఖీ

ఇక్కడ అందరూ తడబడేది ఒకచోటే: డెలిగేషన్ ఏ ఖాతా మీద పెట్టాలి? పోర్టల్ అప్లికేషన్ పూల్ ఏ ఖాతాతో నడుస్తోందో దాని మీద. పూల్ మామూలు అప్లికేషన్ పూల్ ఐడెంటిటీతోనో నెట్‌వర్క్ సర్వీస్‌తోనో ఉంటే, నెట్‌వర్క్ మీదకి వెళ్లేది మెషీన్ ఖాతా, అంటే వెబ్01. డొమైన్‌లో విడిగా చేసిన సర్వీస్ ఖాతాతో ఉంటే ఆ సర్వీస్ ఖాతా. యాక్టివ్ డైరెక్టరీలో ఆ ఖాతా ప్రాపర్టీస్ తెరిస్తే డెలిగేషన్ ట్యాబ్ అసలు కనబడకపోవచ్చు. కంగారు పడకండి. ఎస్‌పీఎన్ చేర్చాకే యూజర్ ఖాతాలకి ఆ ట్యాబ్ వస్తుంది.

సర్వీస్ ఖాతా వాడేవాళ్లకి ఇంకో ఉచ్చు ఉంది. ఐఐఎస్ 7 నుంచీ కెర్నల్-మోడ్ అథెంటికేషన్ ఆన్‌లో ఉంటుంది, అది టికెట్‌ని మెషీన్ తాళంతో విప్పడానికి చూస్తుంది. మీరు ఎస్‌పీఎన్‌ని సర్వీస్ ఖాతాకి రాశారు కాబట్టి టికెట్ సర్వీస్ ఖాతా తాళంతో మూసి ఉంది. తాళం ఒకటి, చెవి ఇంకొకటి. 'యూజ్‌యాప్‌పూల్‌క్రెడెన్షియల్స్' ని ట్రూ చేస్తే పూల్ ఖాతా చెవితోనే విప్పుతుంది.

అడిగే సర్వీస్ పేరు జాబితాలో ఉందా? డబ్ల్యూఎంఐ పాత దారి అయిన డీకామ్‌లో వెళ్తే 'ఆర్‌పీసీఎస్ఎస్' పేరుతో అడుగుతుంది. విన్ఆర్ఎం దారిలో వెళ్తే 'హెచ్‌టీటీపీ' లేదా 'డబ్ల్యూఎస్‌మ్యాన్'. వర్చువల్ మెషీన్ డీవీడీ డ్రైవ్‌లో ఐఎస్ఓ ఫైల్ ఇంకో ఫైల్ సర్వర్ షేర్ మీద ఉంటే అది మూడో గడప. అప్పుడు హెచ్‌వీ01 నుంచి ఫైల్ సర్వర్‌కి 'సీఐఎఫ్ఎస్' డెలిగేషన్ మళ్లీ విడిగా కావాలి. జాబితా వస్తోంది, స్టార్ట్ కూడా అవుతోంది, ఐఎస్ఓ తగిలించబోతేనే యాక్సెస్ డినైడ్ అంటే అనుమానించాల్సింది దీన్నే.

స్టాఫ్‌లో అందరికీ పని చేసి, పెద్ద అడ్మిన్ ఒక్కరికే పని చేయడం లేదా? ఆయన ఖాతాకి 'సెన్సిటివ్, డెలిగేట్ చేయకూడదు' అనే టిక్ ఉండొచ్చు, లేదా ప్రొటెక్టెడ్ యూజర్స్ గుంపులో ఉండొచ్చు. అది కావాలని పెట్టిన కంచె. దాన్ని పీకొద్దు. రోజువారీ ల్యాబ్ పనికి ఆయనకి ఇంకో మామూలు ఖాతా ఇవ్వడమే దారి.

'ఎనీ అథెంటికేషన్ ప్రోటోకాల్' అని ఇంకో ఆప్షన్ కూడా కనబడుతుంది. అది పెడితే మొదటి గడప ఎన్‌టీఎల్‌ఎం అయినా పని నడుస్తుంది. అయితే అప్పుడు మనిషి రాకపోయినా, అతని పేరుతో హోస్ట్‌కి టికెట్ అడగగల శక్తి వెబ్01 కి వస్తుంది. మొదటి గడప బాగుచేసే దారి ఉండగా దీన్ని వాడకండి.

మార్పు చేసిన ప్రతిసారీ పాత టికెట్లు పారేయాలి. మీ పీసీలో 'కేలిస్ట్ పర్జ్' కొట్టండి, వెబ్01 ని ఒకసారి రీస్టార్ట్ చేయండి. గుంపుల్లో మార్పు చేస్తే లాగాఫ్ అయి మళ్లీ రండి. లేకపోతే సరైన మార్పు చేసి కూడా 'ఇదీ పని చెయ్యలేదు' అనుకుని చెరిపేసే ప్రమాదం ఉంది.

గడియారం, చెక్‌పాయింట్

ఈ రెండూ వర్చువల్ ల్యాబులకి ప్రత్యేకమైన తలనొప్పులు.

కెర్బెరోస్ మామూలుగా 5 నిమిషాలకి మించి గడియారాల తేడా ఒప్పుకోదు. మన జిల్లాలో కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలా చాన్నాళ్లు ఆగిపోయిన పాత మెషీన్‌లో మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి ఉంటే, లేచేటప్పుడు తేదీ ఎక్కడికో పోతుంది. ఇంకో చుట్టు కూడా ఉంది. డీసీ01 ని హెచ్‌వీ01 లోపలే ఒక వర్చువల్ మెషీన్‌గా పెట్టారనుకోండి. హోస్ట్ టైమ్ కోసం డీసీని అడుగుతుంది, డీసీ హోస్ట్‌ని అడుగుతుంది. ఇద్దరూ ఒకరినొకరు నమ్ముకుని కలిసి దారి తప్పుతారు. అలాంటప్పుడు డీసీకి ఇంటిగ్రేషన్ సర్వీసెస్‌లోని టైమ్ సింక్ ఆపి, బయటి ఎన్‌టీపీ సర్వర్ నుంచి టైమ్ తీసుకునేలా పెట్టాలి.

చెక్‌పాయింట్ సంగతి. డొమైన్‌లోని ప్రతి మెషీన్‌కీ ఒక పాస్‌వర్డ్ ఉంటుంది, మామూలుగా 30 రోజులకోసారి మెషీనే దాన్ని మార్చుకుంటుంది. వెబ్01 ఒక వర్చువల్ మెషీన్ అయి, దాన్ని రెండు మూడు నెలల కిందటి చెక్‌పాయింట్‌కి వెనక్కి తిప్పితే, దానికి గుర్తున్నది పాత పాస్‌వర్డ్, డైరెక్టరీలో ఉన్నది కొత్తది. సంబంధం తెగిపోతుంది. సెలవుల్లో మెషీన్ ఆపేసి ఉంచితే మాత్రం ఇలా జరగదు, ఎందుకంటే మార్చాల్సింది అదే కాబట్టి, ఆగి ఉన్నప్పుడు మార్చదు.

కోడ్ చూసి రోగం చెప్పడం

వైర్‌షార్క్‌లో పోర్ట్ 88 మీద వచ్చే కెర్బెరోస్ ప్యాకెట్లు చూస్తే ఎర్రర్ నంబర్లు కనబడతాయి. విండోస్ లాగ్ వీటినే హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది. 13 అక్కడ 'డీ' అవుతుంది, 37 అక్కడ 25 అవుతుంది.

7: ఆ పేరుతో సర్వీస్ ఎవరూ లేరు. ఎస్‌పీఎన్ చేర్చలేదు, లేదా పేరు తప్పు.
8: ఒకే ఎస్‌పీఎన్ రెండు చోట్ల ఉంది.
13: అడిగిన ఆప్షన్ ఒప్పుకోను. డెలిగేషన్ జాబితాలో ఆ సర్వీస్ లేకపోయినా, ఖాతాని డెలిగేట్ చేయకూడదని పెట్టినా ఎక్కువగా కనబడేది ఇదే.
37: గడియారం తేడా.
41: టికెట్ వచ్చింది గానీ విప్పలేకపోయాను. తాళం ఒకరిది, చెవి ఇంకొకరిది.

అంతా సరిపోయాక డీసీ01 సెక్యూరిటీ లాగ్‌లో 4769 ఈవెంట్ చూడండి. 'ట్రాన్సిటెడ్ సర్వీసెస్' అనే గడి ఖాళీగా లేకుండా వెబ్01 సర్వీస్ పేరు ఉంటే, ఆ టికెట్ డెలిగేషన్ ద్వారానే వచ్చిందని రుజువు. హెచ్‌వీ01 లాగ్‌లో మీ పేరు, డీసీ01 లాగ్‌లో వెబ్01 మధ్యవర్తిత్వం: రెండూ కలిపి చదివితే ఎవరు, ఎవరి ద్వారా, ఎప్పుడు వచ్చారో తెలుస్తుంది. అడ్డదారిలో మనం పోగొట్టుకునేది ఈ లెక్కే.

ఇంట్లో చేసి చూడాలంటే

విండోస్ సర్వర్ మూల్యాంకన కాపీ 180 రోజులు ఉచితంగా వాడుకోవచ్చు. ర్యామ్ సరిపోయే లాప్‌టాప్‌లో డొమైన్ కంట్రోలర్, వెబ్ సర్వర్, ఫైల్ సర్వర్, ఒక క్లయింట్ పెట్టుకోండి. హైపర్-వి హోస్ట్ బదులు ఫైల్ షేర్ పెట్టినా రెండో గడప సూత్రం అదే. లైనక్స్ వాళ్లకి కూడా ఇదే పాఠం. అపాచీలో జీఎస్ఎస్ఏపీఐ మాడ్యూల్, హోస్ట్ మీద లిబ్‌వర్ట్‌కి కెర్బెరోస్ లాగిన్, ఎస్‌పీఎన్ బదులు ప్రిన్సిపల్, తాళంచెవి ఉండేది కీట్యాబ్ ఫైల్‌లో. పేర్లే వేరు.

చేసి చూసేవాళ్లు ఈ మూడు ప్రశ్నలకి జవాబులు రాసుకోండి. వైవాలో కూడా పనికొస్తాయి.

1. వెబ్ సర్వర్ ముందు కూర్చుంటే పని చేసి, పక్క పీసీ నుంచి చేయకపోవడానికి కారణమేంటి?
2. హోస్ట్ లాగ్‌లో అనానిమస్ బదులు వెబ్ సర్వర్ పేరు కనబడితే ముందుగా ఏ సెట్టింగ్ చూస్తారు?
3. పని గట్టెక్కడానికి హద్దుల్లేని డెలిగేషన్ పెట్టమని మీ టీమ్‌మేట్ అంటే, ఆ సర్వర్‌కి రేపు ఎవరెవరు లాగిన్ అవుతారో లెక్క వేసి, ఏమని జవాబిస్తారు?